టైరు మీది చివరి అక్షరం

ఖుదెయ్యర్ సూసన్‌గెర్ద్ నుంచి అహ్వాజ్ నగరానికి మనుషుల్ని చేరవేసే కారు నడిపేవాడు. నాది ఆ రోడ్డు పక్కనే పంక్చర్ల కొట్టు. పొద్దున్నే వచ్చి టైర్లలో గాలి చూపించుకుని, నా పెట్టెలోంచి ఒక సిగరెట్టు లాక్కుని, గాలి అమ్ముకుని బతికేవాణ్ణి నిన్నే చూశానురా అని ఎగతాళి చేసి పోయేవాడు. నేను చెప్పబోయేది అతని గురించి కాదు, అతని భార్య నజ్మియె గురించి. కానీ అతనితో మొదలుపెట్టకపోతే ఆమె కథ అర్థం కాదు.

నజ్మియె ఒక్కతే కూతురు. తండ్రి యుద్ధంలో పోయాడు. తల్లి హస్నా ఆమె దగ్గరే ఉండేది. ముసలామెకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు అహ్వాజ్ ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం శుద్ధి చేయించాలి. ఆ రోజుల్లో ఖుదెయ్యర్ ముందు సీటుకు మాత్రమే బేరం మాట్లాడుకునేవాడు. వెనక సీటంతా అత్తగారిది. ఆమె కూతురి ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది.

ఆ ఏడాది ఎండలు ముదిరే వేళకు కారులో ఏసీ చచ్చిపోయింది. అద్దాలు వేస్తే పొయ్యిలో కూర్చున్నట్టు, దింపితే పొయ్యి ముందు కూర్చున్నట్టు ఉండేది. ఆ జబ్బుకు నీళ్లు కూడా కడుపునిండా తాగకూడదు. రోజుకింత అని కొలత. ఒక మధ్యాహ్నం తిరిగి వస్తూ హస్నా స్పృహ తప్పింది. నా కొట్టు ముందు ఆపి, నేను తెచ్చిన కడవెడు నీళ్లు ఆమె నెత్తిన కుమ్మరించాక గాని కళ్లు తెరవలేదు.

అప్పటికే ఖుదెయ్యర్ నాలుగు కొత్త టైర్ల కోసం కొంత వెనకేసి ఉన్నాడు. పాతవి బాగా అరిగిపోయాయని రెండు నెలలుగా నేను పోరుతున్నాను. తల్లి జుట్టు తుడుస్తూ నజ్మియె తలెత్తకుండానే అంది:

"టైర్లు ఇంకో నెల ఆగుతాయి. మా అమ్మ ఆగదు."

 ఖుదెయ్యర్ ఆ వారమే ఏసీ బాగు చేయించాడు. మిగిలిన దానితో అహ్వాజ్ బజారులో వెనక చక్రాలకు రెండు టైర్లు కొని నా దగ్గరికి తెచ్చాడు.

టైరు పక్కన మూడు గుర్తులు అచ్చు పోసి ఉంటాయి. మొదటిది అంకె, ఎంత కాలానికి అరుగుతుందో చెబుతుంది. రెండోది తడి రోడ్డు మీద పట్టు. చివరి అక్షరం వేడికి ఎంత తట్టుకుంటుందో చెప్పేది. ఏ అయితే మేలు, బీ అయితే పరవాలేదు, సీ అయితే అంతకంటే కింద ఇంకేమీ లేదు. కొనేవాళ్లంతా అంకెనే చూస్తారు. ఖుదెయ్యర్ కూడా దాని మీదే వేలు పెట్టి చూపించాడు.

"నాలుగొందల నలభై. నువ్వు ముసలాడివైపోతావు గాని ఇవి అరగవు."

ఆ చివర చూడు, సీ ఉంది, అన్నాను. మన ఎండలకు ఇది పనికిరాదని చెప్పాను. ఎంత తక్కువదైనా అమ్మకానికి పెట్టారంటే నడుస్తుందనేగా అన్నాడు. మిట్టమధ్యాహ్నం పోవద్దని, బరువు వేయొద్దని, నెమ్మదిగా నడపమని చెప్పాను. సరేనన్నాడు. ఆ టైర్లు నా చేతులతో నేనే బిగించాను. వెయ్యనని చెప్పగలిగేవాణ్ణే. చెప్పలేదు.

ఆసుపత్రి వాళ్లు హస్నాకు ఇచ్చిన వేళ పొద్దుటిది. బయటపడేసరికి మిట్టమధ్యాహ్నమే అయ్యేది. ప్రమాదం జరిగిన రోజు దుమ్ముగాలి కూడా లేచింది. ముందు సీటుకు బేరం దొరకలేదు గాని, డిక్కీలో రెండు బియ్యం బస్తాలున్నాయి. దుమ్ము రాకుండా ఖుదెయ్యర్ అద్దాలన్నీ ఎక్కించి, బయటి గాలి ఆపి లోపలి గాలినే తిప్పే మీట నొక్కి, ఫ్యాను ఆఖరిదాకా పెట్టాడు. కారు చల్లబడింది. ముసలామె నిద్రపోయింది. అమ్మ అంత హాయిగా నిద్రపోవడం చూసి ఏడాదయిందని నజ్మియె తర్వాత నాతో అంది.

వెనకాల వచ్చిన లారీ అతను చెప్పిందేమిటంటే, ఎడమ వెనక టైరు పై పొర లేచి టపటపా కొట్టుకోవడం, పొగ రావడం అతను చూశాడు. లైట్లు వేశాడు, హారను కొట్టాడు. దుమ్ములో లైట్లు కనబడలేదు. ఫ్యాను హోరులో చప్పుడు వినబడలేదు. రబ్బరు కాలిన వాసన మూసిన కారులోకి రాలేదు. టైరు పేలింది. కారు గిర్రున తిరిగి, రోడ్డు వారన ఆగి ఉన్న ఇంకో లారీకి ఖుదెయ్యర్ కూర్చున్న పక్క గుద్దుకుంది. అతను అక్కడే పోయాడు. నజ్మియె ఎడమ చెయ్యి రెండుచోట్ల విరిగింది. హస్నాకు గీత కూడా పడలేదు.

పోలీసులు కాగితంలో ప్రమాదానికి కారణం అతివేగం అని రాశారు.

నలభయ్యో రోజు సంతాపం దాటాక నజ్మియె నా కొట్టుకు వచ్చింది. చేతికి కట్టు ఇంకా ఉంది. మరిది చేత ఒక గోనెసంచి మోయించుకొచ్చి నా ముందు కుమ్మరింపించింది. చీలికలైన టైరు.

"మా అమ్మ కారులో ఉంటే ఆయన ఎప్పుడూ జోరుగా నడపలేదు. నీకు తెలుసు. దీని మీద ఏం రాసుందో చదువన్నా."

చదివాను. ఏది దేనికో చెప్పాను. చివరి అక్షరం మీద వేలు పెట్టి, వేడికి తట్టుకోవడంలో సీ అంటే అన్నిటికన్నా కింద అన్నాను.

"ఇది ఆయనకు తెలుసా?"

టైర్లు అమ్మినవాడు మోసం చేశాడని అనేద్దామని నోటిదాకా వచ్చింది. అనలేకపోయాను.

"తెలుసు వదినా. నేనే చెప్పాను."

"వేసిందెవరు?"

"నేనే."

ఆమె ఒంటి చేత్తో ఆ ముక్కలు మళ్లీ సంచిలోకి ఏరింది. "టైర్లు ఆగుతాయన్నది నేను" అంది. లేచి వెళ్లింది. తర్వాత ఆ టైరు పట్టుకుని అధికారుల చుట్టూ తిరిగింది. ఆ అక్షరమున్న టైరు అమ్మకూడదని ఎక్కడా లేదన్నారు. కాగితం మారలేదు.

కొన్నాళ్లు ఖుదెయ్యర్ తోటి డ్రైవర్లు తల్లీకూతుళ్లను ఎక్కించుకున్నారు. ఎంతకాలమని ఎక్కించుకుంటారు? మరిది ఆ కారునే సాగగొట్టి బాగు చేయించాడు. నజ్మియె డ్రైవింగు నేర్చుకుంది. విరిగిన చెయ్యి పూర్తిగా చాపలేకపోయేది. భర్త ప్రాణం పోయిన సీట్లో దుప్పటి మడతపెట్టి వేసుకుని కూర్చునేది. కొత్త టైర్లు బిగించేటప్పుడు ఒక్కొక్కదాని అక్షరాల మీద వేలు పోనిచ్చి చూసి గాని నన్ను ముట్టుకోనివ్వలేదు. నాతో పొడి మాటలే. ఏసీ మాత్రం వేసేది కాదు. మళ్లీ ఎండాకాలం వచ్చినా అద్దాలు దింపే నడిపేది.

ఒక మధ్యాహ్నం తిరుగుదారిలో నా కొట్టు దగ్గర ఆగారు. వెనక సీట్లో హస్నా నెత్తిన తడిగుడ్డ కప్పుకుని వగరుస్తోంది. నేను నీళ్లు తెచ్చేసరికి కూతురితో అంటోంది:

"ఆ చల్లగాలి వెయ్యవే."

"వద్దమ్మా."

"అల్లుడు నాకోసం బాగు చేయించాడు. నాకు తగలనివ్వవా?"

"ఆ హోరులోనేనమ్మా మనకేమీ వినబడలేదు."

"నీకు వినబడలేదు, సరే. నేనైతే నిద్రపోయాను. పోవాల్సినదాన్ని నేను, నిద్రపోయాను." ముసలామె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నీ మీద నాకు కోపం లేదా అని అడగవేం? ఉంది. నా మీద కూడా ఉంది. అయినా ఉడికిపోతున్నానే తల్లీ."

నజ్మియె చెయ్యి ఏసీ మీట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. రెండోసారి తిప్పింది. లోపలి గాలి తిప్పే మీట జోలికి పోలేదు. తన పక్క అద్దం రెండు వేళ్ల సందు వదిలి మిగతావి ఎక్కించింది. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. నేను కారు వెనక్కి వెళ్లి, చూడనవసరం లేని టైర్లు చూస్తూ నిలబడ్డాను.

హస్నా ఆ శీతాకాలం వానలు మొదలయ్యాక ఇంట్లోనే పోయింది. ఇక కారు అమ్మేస్తుందనుకున్నాం. అమ్మలేదు. వాళ్ల పల్లెలో అదే జబ్బున్న ఆడవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లను తీసుకెళ్లడం మొదలుపెట్టింది. వాళ్లలో పెద్దామె మొన్న కొత్త సంవత్సరం పండగ నోరూజ్‌కు ముందు పోయింది. రెండో ఆమె సకీనా, బట్టలు కుడుతుంది, ముప్పై నాలుగేళ్లు. డాక్టర్లు ఆమెకు పెద్దగా ఆశ పెట్టలేదని విన్నాను. నజ్మియె ఆమెను వారానికి మూడుసార్లు తీసుకెళ్తూనే ఉంది.