మూడో క్యాసెట్‌లో ఇసుక

పెళ్లయిన కొత్తలో, 1971లో, మా ఆయన బొగ్గుబాయి గురించి నాకు చెప్పిన సంగతి ఒక్కటే. "బండ ఊకెనే పడది. ముందుగాల ఇసుకె రాలుతది, సన్నగ. అది ఇన్నోడు బయటికి ఉరుకుతడు. ఇననోడు ఆడ్నే ఉంటడు." అన్నం తింటూ చెప్పాడు. చెప్పి పచ్చిపులుసు పోయించుకున్నాడు. గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టేదాకా, అంటే పదిహేడేళ్లపాటు, ఆ మాటతో నాకు పని పడలేదు.

గోదావరిఖనిలో నేను లెక్కలు చెప్పే బడిలో సంగీతం టీచరు బదిలీ మీద వెళ్లిపోయింది. ప్రార్థనకు వాడే గిటార్ స్టాఫ్ రూములో బీరువా మీద పడి దుమ్ము పట్టింది. 1988 జూలైలో పెద్ద టీచరు దాన్ని దించి, తీగల మీద మెట్లు కూడా లెక్కలే కదా, మీరే నేర్చుకోండి అని నాకు అప్పగించింది. ఆమె నవ్వులాటకు అన్నదేమో, నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను. అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్లు.

నేర్పిన ఆయన చౌరస్తా దగ్గర టేప్‌రికార్డర్లు బాగుచేసే మెకానిక్. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో ఒక హోటల్ బ్యాండులో గిటార్ వాయించాడట. బ్యాండు మూతపడ్డాక భార్య పుట్టినూరని ఇక్కడికి వచ్చి దుకాణం పెట్టుకున్నాడు. ఇంట్లో దక్కనీ, దుకాణంలో మా తెలుగు. శనివారాలు బడి విడిచాక నాకు గంటసేపు చెప్పేవాడు. ప్రార్థన గీతాలకు సరిపడా వేళ్ల పట్లు వచ్చాక ఒకరోజు గిటార్ నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టాడు.

"టీచరమ్మా, వేళ్లు వచ్చినయి. చెవులింక రాలే" అని మూడు క్యాసెట్లు ఇచ్చాడు.

హోటల్ రోజుల్లో ఎవరి రికార్డుల నుంచో ఎక్కించుకున్నవి. జాజ్ అన్నాడు. ఆ మాట నేను వినడం అదే మొదలు. అట్టల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు తప్ప ఇంకేమీ లేవు. వాయించినవాళ్ల పేర్లు అడిగితే చెప్పలేదు. పేరు చెప్తే పేరు వింటరు, చెయ్యి వినుండ్రి అన్నాడు.

నాకు పేరు లేకుండా ఏదీ మనసులో నిలవదు. నేనే పెట్టుకున్నాను. మొదటి క్యాసెట్‌లో ఉన్నది తొందరాయన. రైలు అందుకోవాల్సినవాడిలా వాయిస్తాడు, ఒక్క స్వరం తొట్రుపడదు. రెండో క్యాసెట్‌లో జంట తీగలాయన. ఒకే స్వరాన్ని పైదీ కిందిదీ కలిపి మీటుతాడు, అక్కాచెల్లెళ్లు ఒకే గొంతుతో మాట్లాడినట్టు ఉంటుంది. మూడో క్యాసెట్ ఆయన వదిలేసే ఆయన. నాలుగు స్వరాలు పడాల్సిన చోట ఒకటి వేసి ఊరుకుంటాడు. మెట్లు రాయకుండా జవాబు మాత్రం రాసే పిల్లల్లాంటివాడని మొదట్లో నాకు చిరాకు. అలాంటి పిల్లలకు నేను మార్కులు కోస్తాను.

వినడానికి మెకానిక్ చెప్పిన పద్ధతి వింతగా ఉండేది. ఒక వారమంతా గిటార్ వినొద్దు, వెనక లావు తీగలది మాత్రమే వినమన్నాడు. తర్వాతి వారం డ్రమ్ము మాత్రమే. మూడో క్యాసెట్‌లో డ్రమ్మే లేదని నేను వెళ్లి చెప్తే నవ్వాడు. దుకాణంలో పెట్టి, పెద్ద శబ్దాలన్నీ మనసులోంచి ఒక్కొక్కటిగా తీసేయమన్నాడు. అప్పుడు వినిపించింది. డ్రమ్మును పుల్లలతో కొట్టడం లేదు, సన్నటి తీగల కుంచెతో దాని తోలు మీద రాస్తున్నారు. ఎవరో పక్క గదిలో ఇసుక జల్లెడ పడుతున్నట్టు. ఒకసారి విన్నాక ఇక వినకుండా ఉండలేకపోయాను. వదిలేసే ఆయన ఎందుకు వదిలేస్తున్నాడో కూడా అప్పుడే అర్థమైంది. ఆ ఖాళీల్లో ఇసుక వినిపించాలని. పాత మార్కులన్నీ ఆయనకు తిరిగి ఇచ్చేశాను. గిటార్ అంటే ఇంత ఉందా అనిపించిన రోజు అది. నా గిటార్ చదువులో నిండు సంతోషంగా గడిచిన రోజు కూడా అదే ఆఖరు.

మా ఆయన బాయిలో పన్నెండేళ్లు డ్రిల్లు మిషను పట్టి, ఆ తర్వాత పరీక్ష రాసి సర్దారు అయ్యాడు. పనివాళ్లకంటే ముందు లోపలికి వెళ్లేది సర్దారు. ఇనుప పొన్ను వేసిన కర్రతో బాయి కప్పును, అంటే తల మీది బండను, తట్టుకుంటూ పోతాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. పొర విడిచిన కప్పు బోలుగా పలుకుతుంది. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు దాని కింద నిలబడతారు. షిఫ్టు అయ్యేదాకా ఆయన చెవి ఆ కప్పు మీదే ఉండాలి.

1989 ఆగస్టులో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి తింటున్నాడు. మూడో క్యాసెట్ నడుస్తోంది. ఈ డ్రమ్ము వాయించే అతను ఎంత మెత్తగా వాయిస్తున్నాడో చూడమన్నాను.

"డ్రమ్మేడిది? ఒక్కడే కొడ్తుండు పాపం. జతకు ఎవ్వరు దొర్కలేదేమో" అన్నాడు.

పరాచికమాడుతున్నాడనుకున్నాను. పరాచికమాడినా ఆయన ముఖం మారదు.

రెండు రోజుల తర్వాత ఆయన వరండాలో కూర్చుని ఉండగా తుంపర మొదలైంది. నేను వంటింట్లోంచే రేకుల మీద చినుకులు విని పరుగెత్తుకొచ్చాను. అప్పటికే బట్టలు తడిశాయి. రేకుల కిందనే కూర్చుని చెప్పవద్దా అని కోప్పడ్డాను. వానెక్కడిది అని ఆయన తలెత్తాడు. కళ్లతో చూసి తెలుసుకున్నాడు. తడి బట్టలు చేతుల్లో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అన్నేళ్లూ పని పడని మాట అప్పుడు గుర్తొచ్చింది.

రెండు ఉదాహరణలు రుజువు కావని పిల్లలకు చెప్పేదాన్ని నేనే. క్యాసెట్ అరిగిపోయిందేమోనని మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన మంచి మిషనులో పెట్టి, తల వంచి విన్నాడు. ఇసుక ఉంది.

"క్యాసెట్ మంచిగనే ఉన్నది టీచరమ్మా. ఇనవడనిది ఎవరికి?"

క్యాసెట్ తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. ఆయన రెట్టించలేదు. చేతులు తుడుచుకుంటూ, అరలో వరుసగా పెట్టిన టేప్‌రికార్డర్ల వైపు చూపించాడు.

"ఇవన్నీ ఆవాజ్ మందమైందని తెచ్చినయే. విప్పి చూస్తే ఏం ఉండది. తుడ్చి ఇస్తా, మళ్ల తెస్తరు. బాయిలకు పోయెటోళ్లయే అన్నీ."

ఇంటికి నడుస్తుంటే మొదటి షిఫ్టు విడిచి మనుషులు ఎదురొచ్చారు. సైకిళ్ల మీద, ఒకరితో ఒకరు గట్టిగా మాట్లాడుకుంటూ. మా ఊళ్లో మగవాళ్లు గట్టిగానే మాట్లాడతారు. ఎందుకని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని టేపు ముందు కూర్చోబెట్టాను. ఆ పాటలో ఒకచోట కుంచె పూర్తిగా ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. ఆగినప్పుడు వేలెత్తమన్నాను. పాట అయిపోయింది. వేలు లేవలేదు.

"పంతులమ్మవు గదా, మొగనికి గూడ పరీక్ష పెడ్తివి" అన్నాడు. గొంతులో కోపం లేదు. "నాకెర్కనే. పోయినెండకాలం సంది ఎర్కనే."

దవాఖానలో పరీక్షకు పిలిచినప్పుడు పెదవులు చూసి జవాబులు చెప్పి వచ్చాడట. మరి కప్పు ఎలా చూస్తున్నావని అడిగాను. లేచి నా గిటార్ దగ్గరికి వచ్చాడు. ముఖం గోడ వైపు తిప్పుకుని, అరచెయ్యి గిటార్ పొట్ట మీద ఆనించి, ఒక్కో తీగ మీటమన్నాడు. ఆరు తీగలూ నా ఇష్టమొచ్చిన వరుసలో మీటాను. లావుది, నడిమిది, సన్నది, అన్నీ సరిగ్గా చెప్పాడు. బాయిలో కూడా అంతేనట. ఒక చేత్తో కర్రతో తట్టి, రెండో చెయ్యి కప్పుకు ఆనిస్తాడట. పొర విడిచి ఉంటే చేతికి జల్లుమని తెలుస్తుందట.

"చెవి పోతే చెయ్యి ఇంటది. ఫికర్ జెయ్యకు."

నాకు ధైర్యం రావలసిన మాట అది. రాలేదు.

"తట్టినప్పుడు చెయ్యి పెడ్తవు, సరే. తట్టనప్పుడు, నీ వెనక ఇసుకె రాలితే, చెయ్యి యాడ పెడ్తవు?"

ఆయన గిటార్ మీది నుంచి చెయ్యి తీశాడు. 

ఆ తర్వాతి వారమంతా మామూలుగానే డ్యూటీకి వెళ్లాడు. ఆయన చేతి కింద పనిచేసేవాళ్లలో ముగ్గురి పిల్లలు నా తరగతిలో ఉన్నారు. బోర్డు వైపు తిరిగినప్పుడల్లా వాళ్లు నా వీపు వైపు చూస్తున్నారనిపించేది. సాధన మానేశాను. గిటార్ తీగలు సరిచేస్తుంటేనే గోడల్లోంచి ఏదో రాలుతున్నట్టు ఉండేది. ఎనిమిదో రోజు పొద్దున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. డ్యూటీకి ఆ చొక్కా వేసుకోడు. దవాఖానకు వెళ్లి, నాకు ఇనవడ్తలేదు అని తానే చెప్పి వచ్చాడు. దసరా అయ్యాక పైన ల్యాంపు రూములో పని ఇచ్చారు. దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించి, ఎక్కేవాళ్ల దగ్గర తీసుకోవడం.

ఆయన చోటికి వచ్చిన సర్దారు మాకు తెలిసినవాడే. మా ఆయనా అతనూ కలిసి ఏళ్ల తరబడి ఒకే మిషను పట్టారు. పని ఎక్కేముందు శనివారం, లోపల కప్పు ఎక్కడెక్కడ బలహీనమో అడగడానికి ఇంటికి వచ్చాడు. నేను అప్పటికి మళ్లీ సాధన మొదలుపెట్టాను. టేపు నడుస్తూనే ఉంది. అతను చాయ్ అందుకుంటూ, కప్పులో సగమే పోసినవేంది వదినా, అన్నకు పని తగ్గిందని చాయ్ గూడ తగ్గించినవా అని ఎగతాళి చేశాడు. ఇంకొంచెం పోశాను. ఏదో ఒకటి మాట్లాడాలని, పాట ఎలా ఉందని అడిగాను.

"మంచిగున్నది వదినా. నిమ్మళంగ కొడ్తుండు."

వెనక ఇంకేమైనా వినబడుతోందా అన్నాను. అతను మర్యాదకు చెవి పెట్టాడు. అప్పుడు కుంచె నా చెవికి మామూలుకంటే పెద్దగా వినిపిస్తోంది.

"ఎనక ఏమున్నది? ఏం లేదు. ఒక్కడే గదా."

మా ఆయన అతన్ని చూడటం లేదు. నా ముఖం చూస్తున్నాడు.

మరునాడు మా ఆయన అతని ఇంటికి వెళ్లి విషయం చెప్పాడు. తాను చేసినట్టే చేయమన్నాడట. అతను నవ్వి, నీ కుర్చీ పోయిందని నాది గుంజుతున్నవా అన్నా అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారట. తిరిగి వచ్చి మా ఆయన తనలో తానే చెప్పుకున్నట్టు ఒకమాట అన్నాడు. "తప్పు లేదు. నేనైనా గట్లనే అందును."

సోమవారం మొదటి షిఫ్టుకు ల్యాంపు రూము కిటికీ దగ్గర ఏం జరిగిందో నాకు ఆయన చెప్పలేదు. పక్క క్వార్టరు ఆవిడ భర్త ఆ వరుసలోనే ఉన్నాడు కాబట్టి తెలిసింది. మా ఆయన అందరికీ దీపాలిచ్చాడు. కొత్త సర్దారుకు ఇవ్వలేదు. దీపం లేకుండా ఎవరూ బాయి దిగకూడదు. సర్దారు దిగకుండా అతని మనుషులెవరూ కప్పు కిందికి పోకూడదు. వరుస ఆగిపోయింది. తిట్టారు. కిటికీ ఊచలు పట్టుకుని ఊపారు. కొత్త సర్దారు మాత్రం ఊపలేదట.

"దీపమియ్యే అన్నా. ఇజ్జత్ తియ్యకు."

"నీ ఇజ్జత్ నాకు గావాలె. నువ్వు గూడ గావాలె. చెవులు సూపెట్టి రా, ఇస్త."

మేనేజరు వచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ షిఫ్టులో ఆ జాగాలో పని జరగలేదు. మా ఆయన చేతికి కంపెనీ ఛార్జిషీటు వచ్చింది. గొడవ అంతదూరం పోయింది కాబట్టి అతన్ని కూడా చెవుల పరీక్షకు పంపక తప్పలేదు. వారం తిరక్కముందే అతనూ పైకి వచ్చేశాడు. తర్వాత ఆరేళ్లు మా ఇంటి ముందు నుంచి పోతూ కూడా మాతో మాట్లాడలేదు.

ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఆ వారం అక్కడ ఏ కప్పూ కూలలేదు. మా ఆయన చేసింది వృథా అని అన్నవాళ్లున్నారు. నేను వాదించలేదు. ఆ చోట సర్దారుగా మూడో మనిషిని వేశారని తెలిసింది. అతని చెవులు ఎలాంటివో మాకు తెలియదు. మెకానిక్ దుకాణం అరలో టేప్‌రికార్డర్లు మాత్రం ఎప్పుడు వెళ్లినా నిండుగానే ఉండేవి. 1996లో దుకాణం మూసేసి వెళ్లిపోతూ, ఆ ముగ్గురి పేర్లు ఇప్పుడు చెప్పమంటారా అని అడిగాడు. వద్దన్నాను.

అప్పటికి మా ఆయనకు నా గిటార్‌లో లావు తీగలు తప్ప మిగతావి వినిపించడం మానేశాయి. అయినా సాయంత్రం నేను మూడో క్యాసెట్ పెడితే వచ్చి కూర్చునేవాడు. టేపు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కొంతసేపు అక్కడేదో వెతికి, నా వైపు చూసేవాడు.

"ఉన్నదా?"

"ఉన్నది" అనేదాన్ని.