కొండకు వేసిన నంబర్లు

చెట్ల కొలతలాయన ఒకప్పుడు అన్నతో కలిసి బొగ్గు కాల్చేవాడు. అన్న కట్టె కొట్టేవాడు, తను బట్టీ పేర్చి మట్టి కప్పేవాడు. పొగ మింగీ మింగీ ఇద్దరి గొంతులూ ఒకేలా బొంగురుపోయాయి. తలుపవతల నుంచి పిలిస్తే ఎవరో వదిన కూడా పోల్చుకోలేకపోయేది.

అంతలో దేశదేశాల పెద్దలు ఎక్కడో చల్లటి హాల్లో పన్నెండు రోజులు మాట్లాడుకుని, చప్పట్లు కొట్టుకుని లేచారు. సముద్రానికి అవతలున్న ఓ సిమెంటు ఫ్యాక్టరీ తన పొగ ఆపక్కర్లేదట. బదులుగా ఈ కొండ మీద ఒక్క చెట్టూ పడకూడదట. కొండవాళ్లను మాటవరసకైనా అడిగినవాడు లేడు.

కంచె పడింది. తమ్ముడికి టేపు, పెయింటు డబ్బా, నెల జీతం దొరికాయి. ప్రతి చెట్టుకూ ఛాతీ ఎత్తున చుట్టుకొలత తీసి, బెరడు మీద నంబరు వేయడం అతని పని. అన్నకు ఏ పనీ దొరకలేదు. నాలుగు నెలలు ఓర్చుకుని, మళ్లీ గొడ్డలి పట్టాడు.

తనిఖీ అధికారి వచ్చిన రోజు 412వ నంబరు దగ్గర ఆగిపోయాడు. అసలు చెట్టు ఉన్నచోట మొద్దు మాత్రమే ఉంది. నంబరున్న బెరడు ముక్కను ఎవరో నీటుగా చెక్కి, పక్కనున్న బక్క చెట్టుకు తీగతో కట్టారు.

"చెట్టు మెడలో పలక కట్టారేంటయ్యా, ఖైదీకి కట్టినట్టు!" అని పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఫొటో తీశాడు. "సాయంత్రంలోగా నరికినవాడి పేరు రాసివ్వు. లేదంటే నీ పేరే రాసుకుంటా."

తమ్ముడు పరుగున అన్న ఇంటికి వెళ్లాడు.

"వాళ్లు లెక్కపెట్టేది నంబర్లే కదరా! నంబరు పోకుండా చూశాగా," అన్నాడు అన్న, పెద్ద తెలివైన పని చేసినట్టు.

"ఎవరో తెలీదని రాసెయ్యవయ్యా మరిదీ," అంది వదిన.

"నువ్వు కంగారుపడకే. చిన్నప్పుడు నా కంచంలోంచి లాక్కుతిన్నవాడు, నా మీద రాస్తాడా?"

రాశాడు. వెలిసిపోకుండా పెయింటుతో నంబర్లు వేసే చేత్తో, పేరు కూడా గుండ్రంగా రాశాడు.

అన్నకు పది నెలల జైలు. మరుసటి ఏడు పెద్దలు కూర్చున్న హాల్లో పంచిన పుస్తకం అట్ట మీద తమ్ముడి ఫొటో వేశారు, అడవికి అండగా నిలిచిన మనిషని.

ఆ పుస్తకం చేతికందిన వారమే, కంచె పక్కన వదిన ఎండు పుల్లలు ఏరుతూ కనబడింది.

"కింద పడేయ్ వదినా. రాలిన పుల్ల కూడా లెక్కలోదే."

"పొయ్యిలోకి ఏం పెట్టమంటావు?"

అతను మోపు లాక్కుని, తూచి, బరువు రాసుకున్నాడు.