చెంగు కింది చేతులు

ఎంత నిమ్మచెక్కతో రుద్దినా మ్యాకెరెల్ చేప వాసన వేళ్లను ఒక పట్టాన వదలదు. ఈ పరాయి దేశంలో, టాలట్‌లోని మా వంటింట్లో చేపలు కడిగినప్పుడల్లా నాకు సులోచన ఆంటీ గుర్తొస్తారు. తమాషా ఏమిటంటే, ఆవిడ జన్మలో చేప ముట్టలేదు.

వరంగల్‌లో పుట్టి, ఇక్కడి ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుగా రిటైరైన ఆవిడకు ఎవరి మాటా అంత తేలిగ్గా నమ్మకం కుదిరేది కాదు. మొహాలు అబద్ధమాడతాయంటూ మనుషుల చేతులే చూసేవారు. ఈ దేశం వచ్చిన కొత్తలో, నా పురుడు దగ్గర్నుంచి అన్నిటికీ ఆవిడే అండ. అయినా ఆ చూపంటే నాకు లోలోపల బెదురు. మా అమ్మ టీచరని అందరికీ చెప్పుకున్నాను మరి. నిజానికి అమ్మ భీమిలిలో గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి చేపలమ్మేది.

ఒక ఆదివారం ఆంటీ నన్ను లువాస్ ట్రామ్ ఎక్కించి చిత్రాల ప్రదర్శనకు తీసుకెళ్లారు. అన్నీ పందొమ్మిదో శతాబ్దపు జాలరి ఆడవాళ్ల బొమ్మలు. గంప చంకనెత్తుకుని నవ్వుతున్న ఒకామె నున్నటి వేళ్లు చూసి ఆంటీ పెదవి విరిచారు.

"ఇవి చేపలు కోసిన చేతులు కావు. బొమ్మ గీసినోడు ఎవరినో తెచ్చి నిలబెట్టిండు."

చివర్లో చిన్న పటం ఒకటుంది. అందులో మనిషి హెరింగ్ చేపలు కోస్తోంది, వేళ్లన్నిటికీ గుడ్డ పీలికలు. గాయాలకు కట్లేమోనని ఆంటీ కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు. కట్లు కావు, కత్తి గాట్లలోకి ఉప్పు దిగకుండా ముందే చుట్టుకుంటారు, ముడి పంటితో బిగిస్తారు అని నేను గబగబా చెప్పేశాను.

"నీకెట్ల తెలుసు?"

ఎక్కడో చదివానన్నాను. ఆవిడ చూపు నా చేతుల మీదికి దిగింది. అమ్మ గుట్టు పదిమందిలో బయటపెడతారని భయపడి, నెలరోజులు ఆవిడ ఫోన్లు ఎత్తలేదు. పాపకు జ్వరమని ఎవరో చెబితే ఆవిడే వచ్చారు. వెళ్లేముందు హాల్లో అమ్మ ఫొటో దగ్గర ఆగారు. అమ్మ పట్టుచీరలో ఉంది, రెండు చేతులూ చెంగు కింద.

"చేతులు ఎవరు దాచమన్నరు బిడ్డా?"

స్టూడియోలో ఆ చెంగు సర్దింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆంటీ నా భుజం తట్టి, పాపకు మందు వేళకు వేయమని చెప్పి వెళ్లిపోయారు.

ఆవిడ పోయి ఏడాదైంది. అమ్మ చేపలమ్మిన సంగతి ఇన్నేళ్లలో ఒక్కరి నోటా వినలేదు. అలాంటి మనిషిని అనుమానించాను. మొన్న వీడియో కాల్‌లో అమ్మతో, కొత్త ఫొటో తీస్తాను, చేతులు కనిపించేలా కూర్చోమన్నాను. అమ్మ నన్ను తేరిపార చూసింది.

"పక్కన మీవోల్లెవులైనా ఉన్నారేటే?" అంటూ రెండు చేతులూ చెంగు కిందికి లాక్కుంది.