వామిలోకి రెండుసార్లు దూరిన టాక్సీ

ఎనభైల మొదట్లో నన్ను చిత్తూరు జిల్లాకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. జనం మమ్మల్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్లనేవారు. ప్రమాదం జరిగిన బండికి బ్రేకులు, స్టీరింగు, టైర్లు చూసి, యాంత్రిక లోపం ఉందో లేదో రాసివ్వడం మా పని. లోపం లేదంటే తప్పు డ్రైవరు నెత్తికొస్తుంది, లైసెన్సుకు ఎసరొస్తుంది.

ఆ ఎండాకాలం సత్యవేడు దారిలో ఓ అంబాసిడర్ టాక్సీ రోడ్డు దిగి గడ్డివామిలో దూరింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వామి యజమానురాలు రాజమ్మ మాత్రం ఊరంతా వినేలా శాపనార్థాలు పెట్టింది. బండిలో అన్నీ సక్రమంగానే ఉన్నాయి. డాష్‌బోర్డు కింద కొత్త టేప్‌రికార్డరు మెరుస్తోంది.

ఆమె ముందే డ్రైవరు మునిరత్నాన్ని అడిగాను. "బ్రేకులు బాగుండాయి సార్. తప్పు దుర్యోధనుడిది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. గట్టిగా విచారిస్తే సంగతి తేలింది. వాళ్ళూరి ద్రౌపదమ్మ గుడి దగ్గర ఆడే భారతంలో ఇతనిది దుర్యోధనుడి వేషం. చదువు అంతంతమాత్రం. అందుకని నాటకం నేర్పే వాద్యారు అన్ని వేషాల పద్యాలూ పాడి క్యాసెట్టులో పట్టించి ఇచ్చాడు. ఇతను బండి తోలుతూ వల్లె వేస్తాడు. తొడకొట్టే పద్యం వచ్చింది, కొట్టాడు.

"రెండు చేతులతోనా?" అన్నాను.

"ఒక సేత్తో కొడితే వాద్యారు ఒప్పుకోడు సార్" అన్నాడు. అంతలోనే గొంతు దిగిపోయింది. "లైసెన్సు పోతే ఇంట్లో పొయ్యి ఎలగదు సార్. పాట పాడతా ఉన్నా సేతులు తియ్యకుండా తోల్తా. మీరే పక్కన కూసోని సూడండి."

ఆ క్యాసెట్టే పెట్టించి, అదే రోడ్డు మీద పరీక్ష పెట్టాను. దుర్యోధనుడి పద్యం వచ్చింది, పోయింది. మునిరత్నం పళ్ళు బిగబట్టాడే గానీ స్టీరింగు వదల్లేదు. తర్వాత భీముడి వంతు. వయసులో నేనూ భీముడి వేషం కట్టినవాణ్ణే. ఆ వాద్యారు భీముణ్ణి ఎంత నీరసంగా పాడాడంటే నా ప్రాణం ఉసూరుమంది. "అట్లా కాదయ్యా!" అంటూ నేనే పద్యం ఎత్తుకున్నాను. రాగంతో పాటు గదా లేచింది. గదంటే నా కుడిచెయ్యి. అది దిగిన చోట మునిరత్నం మోచెయ్యి ఉంది.

కళ్ళు తెరిస్తే చుట్టూ గడ్డి. టేపు ఇంకా పాడుతూనే ఉంది. రాజమ్మ చేట పట్టుకుని పరుగున వచ్చింది. "మీ పాసుగూల! మళ్ళా వచ్చినారా? ఈసారి ఎవురప్పా దుర్యోధనుడు?"

మునిరత్నం ఒళ్ళో పడ్డ గడ్డి దులుపుకున్నాడే గానీ నావైపు చూడనైనా లేదు. ఆ మర్యాదకే నాకు సిగ్గేసింది.

"ఈసారి భీముడమ్మా. నేనే" అన్నాను.

యాంత్రిక లోపం లేదనీ, పరీక్షలో డ్రైవరు చేతులు స్టీరింగు మీదే ఉన్నాయనీ, బండి దారి తప్పింది తనిఖీ అధికారి చెయ్యి తగలడం వల్లేననీ ఉన్నదున్నట్టు రాశాను. పై అధికారి రెండుసార్లు చదివాడు. మునిరత్నాన్ని హెచ్చరించి, టేప్‌రికార్డరు తీయించి, లైసెన్సు ఉంచాడు. నాకు మాత్రం సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాడు.

డ్రైవరు ధ్యాస చెడగొట్టేది ఏదని వెతికేటప్పుడు పక్క సీటు కూడా చూడాలని అప్పుడు తెలిసింది. రిటైరయ్యేదాకా ప్రతి పరీక్షలోనూ ముందు పాట ఆపించి, నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.