మా చేని పక్క గండి

తొంభైల చివర్లో, వారం రోజులుగా వాన విడవని కాలం. హిందూపురంలో బస్సెక్కిన ఒక నడివయసు ఆమె నా పక్కన కూర్చుంది. చీర కుచ్చిళ్లకు బురద ఎండి అట్టకట్టింది.

"మీ ఊరి చెరువు నిండిందా అమ్మా?" అని అడిగాను.

"నిండి పొర్లిందప్పా. చిన్న మట్టికట్ట. ఊరి పక్క నెర్ర ఇచ్చింది. ఆడ తెగితే ఇండ్లన్నీ పోతాయి. ఇంకో కొనన మా చేను ఉండాది. ఈడ గండి కొడితే నీళ్లు చేని మీద నుంచి వంకలోకి పోతాయి."

"మరి మీరు ఒప్పుకున్నారా?"

"నన్ను అడగలేక అందురూ నా మొగమే చూస్తా నిలబడినారు. నేనే పార తీసుకొని మొదట తవ్వినా. శెనక్కాయ పైరంతా ఇసకలో పూడిపోయింది."

"ఊళ్లోవాళ్లు ఏమన్నారు?" అన్నాను.

"ఏమంటారప్పా? అలిసిపోయి నిద్రపోతాండారు." ఆమె ఆవలించింది. "పెనుకొండ వస్తే లేపు. మా అన్నను విత్తనాలు అడగాల."

కిటికీకి తల ఆనించగానే నిద్రపట్టేసింది. జల్లు మీద పడకుండా షట్టరు దించాను.

పెనుకొండలో భుజం తట్టి లేపితే ఉలిక్కిపడింది.

"కట్ట నిలిచిందా?" అంది.

"నిలిచిందమ్మా" అన్నాను, నేనే చూసి వచ్చినట్టు.

ఆమె తల ఊపి, సంచి తీసుకొని దిగిపోయింది.