పిన్ని చెరపనివ్వని పిచ్చి గీతలు

మా పిన్నికి కంప్యూటర్ల మీద నమ్మకం లేదు. వాటితోనే పని చేస్తుంది కాబట్టి. కొత్త డేటాబేస్ ఏది చేతికొచ్చినా ముందు తెలుగులో "అమ్మ" అని టైపు చేసి సేవ్ చేస్తుంది. మూసి మళ్లీ తెరిచినప్పుడు అమ్మ అమ్మగానే ఉంటే తప్ప పని మొదలుపెట్టదు. ఆ చాదస్తాన్ని నేను తెగ వెక్కిరించేదాన్ని.

నేను ఆసుపత్రిలో రిసెప్షనిస్టుని. గొంతు ఆపరేషనై మాట పోయినవాళ్లకి మేం ఒక ట్యాబ్ ఇస్తాం. వాళ్లు చెప్పదలచుకున్నది అందులో టైపు చేస్తే నర్సు చదువుకుంటుంది, డేటాబేస్‌లోనూ సేవ్ అవుతుంది. ఒక మధ్యాహ్నం, అలా మాట పోయి మా దగ్గరే చనిపోయిన ఒక టైలరుగారి భార్య వచ్చింది. ఆయన పోయిన రోజు ఆవిడ బట్టలు తేవడానికి ఇంటికెళ్లి ఆలస్యంగా తిరిగొచ్చింది, అప్పటికే ఆయన లేరు.

"చివరికి ఏమన్నారో చూసి చెప్తావా అమ్మా? నా మీద కోపంతోనే పోయారేమోనని ముద్ద దిగట్లేదు."

డేటాబేస్ తెరిచి చూస్తే తెలుగు ముక్క లేదు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు అక్షరం, పక్కన చిన్న సున్నా, మళ్లీ అదే, స్క్రీన్ నిండా అవే. దాన్ని తయారుచేసినాయన ఇంగ్లీషులో మాత్రమే టైపు చేసి చూసుకున్నాడట. మా మేనేజరు "చెత్తంతా చెరిపేసి కొత్తది పెట్టుకుందాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పిన్నికి ఫోన్ చేశాను.

"ప్రశ్న గుర్తులా, పిచ్చి గీతలా?" అంది.

"పిచ్చి గీతలే."

"బతికించావు. ప్రశ్న గుర్తులైతే అక్షరాలు పోయినట్టే. ఇవి ఎక్కడికీ పోలేదు. నేనొచ్చేదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు."

వచ్చీ రాగానే మొత్తానికీ కాపీ తీసి పెట్టుకుంది. "మన అక్షరం ఒక్కోటీ లోపల మూడు ముక్కలుగా ఉంటుందే. ఇది ప్రతి ముక్కనీ ఒక ఇంగ్లీషు అక్షరం అనుకుంది. తెలివి లేదు కానీ దొంగబుద్ధి లేదు, ఒక్క ముక్క కూడా పారేయలేదు" అని, ఆ కాపీలో ముక్కల్ని కలిపి చదవమని ఆదేశం ఇచ్చింది.

గీతలన్నీ తెలుగైపోయాయి. టైలరుగారు మంచినీళ్లడగడం, ఫ్యాను తగ్గించమనడం, పక్కమంచం పెద్దాయన గురకని తిట్టడం, అన్నీ ఉన్నాయి, కామాలతో సహా. చెత్త అన్నదాని కింద ఒక మనిషి మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పిన్ని కూడా అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

చివరి వాక్యం, అప్పటిదాకా అక్కడే కూర్చున్న టైలరుగారి భార్యకి నేనే పైకి చదివాను. "కిటికీ మూయకండి సిస్టర్, మా ఆవిడ వచ్చే దారి కనిపిస్తోంది."

ఆవిడ ఇంకోసారి చదవమంది. చదివాను.

"బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చానమ్మా" అంది. "చూసే ఉంటారు."