ఒక్క వేలితో ఉట్నూర్ దాకా

మా ప్రాజెక్టు సారు పోయారు. కాలేజీ ల్యాబ్‌లో మా గేమ్‌కి రోడ్డు గీస్తుంటే మేడం, అంటే సారు భార్య, ఫోన్ చేశారు. "పొద్దుగాల సార్ పోయిండు బిడ్డా. ఉట్నూర్‌కు తీస్కపోతున్నం" అన్నారు. నాకు ముందు కోపమొచ్చింది. ఇంకొక్క వారం ఆగితే ఏం పోయేది ఈయనకి!

కరీంనగర్‌లో మాకు మొబైల్ గేములు నేర్పింది ఆయనే. మొదట కంప్యూటర్ ముట్టనిచ్చేవారు కాదు. తెరలన్నీ కాగితాల మీద గీయాలి. ఆయన అట్టను ఫోన్ ఆకారంలో కోసి గుండెల దగ్గర పట్టుకుని, "నేనే ఫోన్. ముట్టుండ్రి" అనేవారు. మేం వేలు పెట్టిన చోటుకి తగ్గ కాగితం ముందుకు జరిపేవారు. ఒక్కోసారి కదలక మెదలక చూస్తుండేవారు. ఏమైంది సార్ అంటే, "హ్యాంగ్ అయిన. మీ ప్లానే గట్లున్నది" అని పగలబడి నవ్వేవారు.

ఆ మనిషికి కిడ్నీలు పనిచేయవంటే ఎవరూ నమ్మరు. రోజు విడిచి రోజు డయాలసిస్. ఆఖరి ఏడాది మా క్లాసు ఆసుపత్రిలో ఆయన మంచం పక్కనే జరిగింది. అక్కడ మేం ఫోన్, ఆడేది ఆయన. మాది రెండు చేతులతో దొంగల్ని తరిమే గేమ్. టైం అయిపోతే ఓడినట్టే. ఆడే ఊపులో సారు సూదులున్న ఎడమ చేయి ఎత్తారు. మిషన్ కీచుమని మొత్తుకుంది. నర్సమ్మ ఉరికొచ్చి మమ్మల్ని కడిగిపారేసింది.

"జర కదిలితే ఒర్రుతది గిది" అన్నారు సారు. కాసేపటికి, "ఒక్క చేతితోటి ఆడేటట్టు జెయ్యిండ్రి. గా టైం గూడ తీసెయ్యిండ్రి. గోడకున్న గడియారం సాలదా నాకు?" అన్నారు.

"మరి గేమ్‌ల ఏం జెయ్యాలె సార్?"

"జీపు తోలాలె. మా ఉట్నూర్‌కు."

అక్కడ వాళ్లక్క ఉంది. మొదట్లో పోయి ఒక పూట ఉండి, మర్నాటి డయాలసిస్ కోసం పొద్దూకేలోగా తిరుగుముఖం పట్టేవారు. ఆఖరి ఏడాది అదీ లేదు. "కట్టేసిన బర్రె లెక్కయింది బతుకు. తాడు మెట్‌పల్లి దాక గూడ సాగుతలేదు" అన్నారోసారి. నాకు ఏడుపు ఆగక బయటికి పోయాను.

ప్లానంతా మళ్లీ మొదటికొచ్చింది. ఒక్క బొటనవేలు చాలు, ఓడిపోవడం లేదు. మెట్‌పల్లి దాకా మేం ఎరిగిన దారే. ఖానాపూర్ దాటాక అడవిని ఆయనే చెప్పాలి. కళ్లు మూసుకుని, "మెల్లగ, మలుపున్నది. హారన్ గొట్టు" అనేవారు. పక్క మంచం పెద్దమ్మ, "సారూ, నన్ను గూడ ఎక్కించుకోరాదు!" అనేది. "ఊరు కనబడేదాక జల్ది గీయిండ్రి" అని ఆయన తొందర. మా జీపు సగం అడవిలోనే ఉండగా ఫోనొచ్చింది.

అంబులెన్స్ వెనకే మేమూ బయలుదేరాం. మేం గీయని మలుపులన్నీ దాటుకుంటూ ఉట్నూర్ చేరాం. అంబులెన్స్ ఆగీ ఆగకముందే సారు అక్క ఉరికొచ్చి తలుపు పట్టుకుంది.

"గిప్పుడన్న ఉంటవా తమ్మీ? పొద్దూకితే మళ్ల పోతనంటవా?"

అడుగుతూనే ఉంది. ఆయన్ని దించడానికి పోయిన మగవాళ్లు, ఆమెను జరగమనలేక, చేతులు చాపి అట్లాగే నిలబడ్డారు.